బామ్ రాసే ముందు బీపీ చూపించుకోండి

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. తొలి కాన్పు. ఇప్పుడు 22 వారాలు. ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడుతుంటాను. పొద్దున ఎనిమిదింటికి టిఫిన్ తింటే మళ్లీ రెండింటికే అన్నం. నెల రోజుల నుంచి సాయంత్రం నాలుగయ్యేసరికి తలనొప్పి మొదలవుతోంది. మెడ దగ్గర నుంచి పైకి లాగి, కణతల దగ్గర పట్టేస్తుంది. నెల తప్పిందని తెలిసిన రోజే కాఫీ మానేశాను, దానివల్లేమో అనుకుంటున్నాను. మా అత్తగారు శొంఠి అరగదీసి పట్టు వేస్తున్నారు. మావారు మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ మాత్రలు తెచ్చారు. బిడ్డకేమవుతుందోనని వేసుకోలేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, నరసరావుపేట

జవాబు: ఆ మాత్ర వేసుకోకుండా ఆగి మంచి పని చేశారమ్మా. ఇరవై వారాలు దాటాక డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాడితే బిడ్డ కిడ్నీల పని మందగించి ఉమ్మనీరు తగ్గే ప్రమాదముంది. ఆ షీటు ఇంట్లో మీ చేతికందే చోట ఉంచకండి.

మీరు ఇన్ని వివరాలు రాశారు కానీ బీపీ ఎప్పుడు చూపించుకున్నారో, ఎంత ఉందో రాయలేదు. నేను మొట్టమొదట అడిగేది అదే. ఐదో నెల దాటిన గర్భిణి తలనొప్పి అంటే, అది పనివల్లా, ఎండవల్లా, బీపీవల్లా అన్నది నుదురు పట్టుకుని చూస్తే తెలియదు.

నేను పీజీ చేస్తున్న రోజుల్లో ఒక రాత్రి ఎనిమిదో నెల అమ్మాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. తలకు గుడ్డ బిగించి కట్టారు, నుదురంతా అమృతాంజనం మెరుస్తోంది. నాలుగు రోజులుగా అంతేనట. ఊళ్లో ఎవరో నొప్పి ఇంజెక్షన్ కూడా చేశారు. చెయ్యి పట్టుకుంటే గాజులు మణికట్టుకు బిగుసుకుపోయి కదలడం లేదు. "కళ్ల ముందు మిణుగురులు ఎగురుతున్నాయమ్మా" అంది. బీపీ 180/110. మూర్ఛ రాకుండా వెంటనే మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టాం. మర్నాడు కాన్పు చేశారు. కిలో ఆరు వందల గ్రాముల పాప. మూడు వారాలు అద్దాల పెట్టెలో ఉండి క్షేమంగా ఇంటికి వెళ్లింది. ఇప్పటికీ నా ఓపీలో ఆ బామ్ వాసన వస్తే, మాట కంటే ముందు చెయ్యి బీపీ మిషన్ మీదికే వెళుతుంది.

మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పలేదు. మీ ఉత్తరంలోని నొప్పి తీరు చూస్తే మెడ వంచి గంటలకొద్దీ కుట్టడం, ఆకలి, నీళ్లు చాలకపోవడం వల్ల వచ్చేదిలాగే ఉంది. అయినా ఇవాళో రేపో దగ్గర్లోని పీహెచ్‌సీకి వెళ్లి బీపీ, మూత్రంలో ఆల్బుమిన్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, కానీ ఆ తారీఖు దాకా ఆగొద్దు. వెళ్లగానే కాదు, ఐదు నిమిషాలు కూర్చున్నాక చూడమనండి. 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

బీపీ మామూలుగా ఉంటే మిగతాది మీ చేతుల్లోనే ఉంది. టిఫిన్‌కీ అన్నానికీ మధ్య ఆరు గంటలు గర్భిణికి చాలా ఎక్కువ. పదకొండింటికి ఒక అరటిపండో, గుప్పెడు వేయించిన శనగలో, గ్లాసు మజ్జిగో తీసుకోండి. మిషన్ పక్కనే నీళ్ల సీసా ఉండాలి. ఒక జాకెట్ పూర్తయ్యేదాకా లేవకూడదని కూర్చోకండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేసి, భుజాలు వెనక్కి తిప్పండి. స్టూలు మానేసి వీపు ఆనే కుర్చీ వేసుకోండి. దీపం గుడ్డ మీద పడేలా చూసుకోండి.

కాఫీ సంగతి. మానేసినందుకు వచ్చే తలనొప్పి వారం పది రోజుల్లో పోతుంది. మీరు మానేసి నెలలైంది కాబట్టి అది కారణం కాదు. తాగాలనిపిస్తే రోజుకు ఒక చిన్న గ్లాసు తాగొచ్చు. మొత్తం కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకూడదు, టీ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఐరన్ మాత్రకీ దానికీ గంటైనా ఎడం ఉంచండి.

అత్తగారి శొంఠి పట్టు వేసుకోవచ్చు, చర్మం మండితే కడిగేయండి. ఆవిడ పక్కన కూర్చుని పట్టు వేస్తుంటే ఆ కాసేపు మీకు దొరికే విశ్రాంతి కూడా మందే. అప్పటికీ తగ్గకపోతే పారాసెటమాల్ 500 ఒకటి వేసుకోండి. గర్భిణులకు మేము రాసే మాత్ర అదే. అవసరమైతే ఆరు గంటల తర్వాత ఇంకొకటి. వరసగా రెండు రోజులకు మించి అవసరం పడుతోందంటే మాత్రలతో నెట్టుకురాకుండా వచ్చి చూపించుకోండి. (ఇది చదివే వారిలో ఎవరికైనా బీపీ రాకుండా డాక్టరు తక్కువ డోసు ఆస్పిరిన్ రాసి ఉంటే, పైన చెప్పిన నొప్పి మాత్రల మాట విని దాన్ని మానేయకండి.)

పారాసెటమాల్‌కు లొంగని నొప్పి, ఉన్నట్టుండి పగిలిపోతున్నట్టు వచ్చే నొప్పి, చూపు మసకబారడం, మెరుపులు, కుడి పక్కటెముకల కింద నొప్పి, పొద్దున లేచేసరికి ముఖం, చేతులు ఉబ్బడం, జ్వరంతో మెడ పట్టేయడం, మాట తడబడటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేయండి. కాన్పయ్యాక ఆరు వారాల దాకా ఇదే వర్తిస్తుంది. బాలింత తలనొప్పిని నిద్రలేమి కింద కొట్టేసి, బీపీ చూడకుండా వదిలేస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి. మీ అత్తగారికీ మీవారికీ ఈ పేరా చదివి వినిపించండి.