ముందు ఆ గదిలోకి వెళ్ళు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. ఒకసారి ఊరికే చదివాను, తరువాత పెన్సిలు పట్టుకుని చదివాను. డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా మ్యూజియంలకు వెళ్ళి, మెక్సికన్ అమెరికన్ ఫోటోగ్రాఫర్ల గురించి తెలుగులో రాయాలని పూనుకున్నావంటే నాకు గర్వంగా ఉంది. టెక్సస్‌లో మనవాళ్ళు ఇంతమంది ఉన్నా, పక్కింటివాళ్ళ చరిత్ర గురించి మన భాషలో ఓపికగా రాసినవాళ్ళు బహు తక్కువ. అందుకే నీ ప్రయత్నం నాకు ముఖ్యం. మనసులో ఉన్నది దాచకుండా చెబుతాను.

నీ వ్యాసం సరిహద్దు గోడతో మొదలైంది. ఇనుప కమ్మీలు, ముళ్ళతీగ, మండే ఎడారి. ఆ పేరాలన్నీ కొట్టేశాను. టీవీ వార్తలు చూసేవారెవరికైనా ఆ దృశ్యం కంఠతా వచ్చు. పైగా నువ్వు ఎంచుకున్న ఫోటోగ్రాఫర్ల బొమ్మల్లో చాలావాటిలో గోడ ఊసే లేదు. ఉన్నది ఇంటి ముందు గది. గోడకు గ్వాదలూప్ మాత (మెక్సికో కాథలిక్కులు కొలిచే మరియమ్మ) పటం, దాని చుట్టూ పెళ్ళి ఫోటోలూ బడి ఫోటోలూ, మూలన టీవీ, వాటి మధ్య కెమెరా వైపు నిటారుగా చూస్తూ ఇంటివాళ్ళు. నీ వ్యాసం ఆ గదిలో మొదలవ్వాలి.

లూయిస్ కార్లోస్ బెర్నాల్ మీద నువ్వు రాసింది ఆరు వాక్యాలే. అందులో నాలుగు ఆయన ప్రతిభను పొగడడానికే సరిపోయాయి. ఆయన 1941లో అరిజోనాలోని డగ్లస్‌లో పుట్టారు. ఊరి అంచు దాటితే మెక్సికోలోని అగ్వా ప్రియెతా. తరువాత టూసాన్‌లో స్థిరపడి, పీమా కమ్యూనిటీ కాలేజీలో ఫోటోగ్రఫీ బోధించారు. మెక్సికన్ అమెరికన్లు ఉండే బస్తీల్లో తలుపు తట్టి లోపలికి వెళ్ళి, మనుషుల్ని వాళ్ళ వస్తువుల మధ్యనే ఉంచి తీశారు. 1978లో, మెక్సికన్ అమెరికన్ల పౌరహక్కుల కోసం కోర్టుల్లో పోరాడే మాల్డెఫ్ సంస్థ చేయించిన ‘ఎస్పెహో’ ఫోటో ప్రాజెక్టులో ఆయన పాలుపంచుకున్నారు. 1989లో సైకిలు మీద వెళ్తుండగా కారు గుద్దింది. ఆ తరువాత స్పృహ రాకుండానే 1993లో కన్నుమూశారు.

ఇవన్నీ నువ్వు ఎక్కడైనా చదువుకోగలవు. నీ వ్యాసంలో లేనిది ఇంకొకటుంది. 1960ల చివర్లో టూసాన్ నగరపాలకులు పాత బస్తీలో పెద్ద భాగాన్ని నేలమట్టం చేసి, అక్కడ సభామందిరాలూ వాహనాలు నిలిపే స్థలాలూ కట్టించారు. తరాల తరబడి అక్కడ ఉన్న కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. బెర్నాల్ ఇళ్ళలోకి వెళ్ళి ఫోటోలు తీసింది ఆ తరువాతి దశాబ్దంలో. గోడ రంగునూ, కిటికీ తెరనూ, మంచం పక్క బల్లనూ ఆయన అంత నిదానంగా చూడడంలో ఈ కూల్చివేత ప్రభావం ఉందని నా నమ్మకం. ఇల్లు ఇంకొన్నాళ్ళు ఉంటుందో ఉండదో అని తెలిసినవాడు చూసినట్టు చూశారు. నీ పాఠకుడికి ఈ రెండు సంగతులూ పక్కపక్కన కనిపిస్తే చాలు, ‘అస్తిత్వ సంక్షోభం’ అని పేజీకి మూడుసార్లు రాయనక్కర్లేదు.

చరిత్ర దగ్గర నువ్వు తొందరపడ్డావు. ‘మెరుగైన జీవితం కోసం వలస వచ్చిన ప్రజలు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు, నిజమే. కానీ అమెరికాతో యుద్ధంలో ఓడాక, 1848 ఫిబ్రవరి 2న గ్వాదలూప్ ఇదాల్గో ఒప్పందంతో మెక్సికో తన భూభాగంలో సగానికి పైగా అమెరికాకు వదులుకుంది. ఆ నేల మీద ఉన్నవాళ్ళు ఎక్కడికీ కదలలేదు. ఏ దేశ పౌరులో తేల్చుకోవడానికి వాళ్ళకు ఇచ్చింది ఒక్క ఏడాది గడువు. డగ్లస్, టూసాన్ ఉన్న నేల అప్పటికీ మెక్సికోదే. 1853లో కుదిరిన గాడ్స్‌డెన్ కొనుగోలుతో అదీ చేతులు మారింది. టెక్సస్‌లోని ఎల్ పాసో దగ్గర సంగతి ఇంకా విచిత్రం. రెండు దేశాల మధ్య హద్దుగా పెట్టుకున్న రియో గ్రాండే నది దారి మార్చుకుంటూ పోయింది. చామిసల్ అనే ఆ ప్రాంతం ఎవరిదన్న తగవు వందేళ్ళ పాటు నడిచి, 1963 ఒప్పందంతో తీరింది. కొంత నేల మెక్సికోకు తిరిగి వెళ్ళింది. అక్కడ కాపురముంటున్న 5,000 మందికి పైగా అమెరికా వైపు జనం ఇళ్ళు ఖాళీ చేయాల్సి వచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది మెక్సికన్ అమెరికన్లే. అలాంటి కుటుంబం దగ్గర పాత ఇంటి గుమ్మంలో దిగిన ఫోటో ఒకటి మిగిలితే, అందులోని నేల ఇప్పుడు వేరే దేశం. 1930ల ఆర్థిక మాంద్యంలో లక్షలాది మందిని, అమెరికాలోనే పుట్టిన పిల్లలతో సహా, మెక్సికోకు పంపేశారు. దానికి కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసి క్షమాపణ చెప్పింది 2005లో. ఇంత చరిత్రను ‘వలస’ అన్న ఒక్క మాటలో కుక్కడం ఆ మనుషులకు అన్యాయం.

ఏ ఫోటో గురించి రాయబోయినా ముందు కొన్ని ప్రశ్నలు వేసుకో. ఎవరు తీశారు? ఎవరి కోసం తీశారు? ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు? ఈ చివరి ప్రశ్నను మన రచయితలు దాదాపు ఎప్పుడూ అడగరు. జవాబులన్నీ చాలాసార్లు అక్కడే దొరుకుతాయి.

ఉదాహరణకు బ్రౌన్స్‌విల్‌లో రాబర్ట్ రన్యన్ అని ఒక స్టూడియో ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. 1915లో దక్షిణ టెక్సస్‌లో నోరియాస్ పశుక్షేత్రం మీద దాడి జరిగాక, గుర్రాల మీద ఉన్న టెక్సస్ రేంజర్లు (ఆ రాష్ట్రపు సాయుధ పోలీసులు) చనిపోయిన మెక్సికన్ల దేహాలకు తాళ్ళు తగిలించి ఉన్న దృశ్యాన్ని ఆయన తీశాడు. అది పోస్టుకార్డుగా అచ్చయి, జనం కొనుక్కుని బంధువులకు పంపుకున్నారు. ఆ కాలంలో రేంజర్ల చేతుల్లో విచారణ లేకుండా చనిపోయిన మెక్సికన్ సంతతివాళ్ళ గురించి 1919లో టెక్సస్ శాసనసభ్యుడు హోసే కనాలెస్ పట్టుబట్టి విచారణ జరిపించాడు. ఇప్పుడు రన్యన్ ఫోటోలు ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ భండారంలో ఉన్నాయి. అదే రన్యన్ పెళ్ళిళ్ళూ పసిపిల్లలూ కూడా తీశాడు, మెక్సికన్ యువతిని పెళ్ళాడాడు. ఒకే కెమెరా ముందు ఒక కుటుంబం ముస్తాబై నిలబడింది, ఇంకొక కుటుంబపు బిడ్డ పేరు కూడా లేని శవమయ్యాడు. ఈ రెండో ఫోటోను నీ వ్యాసంలో అచ్చు వేయకు. దాని గురించి రాయి, అంతవరకు చాలు. ఒకరి అవమానాన్ని అమ్ముకోవడానికి తీసిన బొమ్మను మనమూ ఊరేగించకూడదని నా పట్టుదల.

దీనికి ఎదురుగా ఎల్ పాసోను పెట్టి చూడు. మెక్సికో విప్లవాన్ని చిత్రించిన కససోలా కుటుంబానికి చెందినవాళ్ళే అక్కడ ఒక స్టూడియో నడిపారు. దశాబ్దాల పాటు సరిహద్దుకు రెండు వైపుల నుంచీ జనం వచ్చి పదిహేనో పుట్టినరోజులకూ పెళ్ళిళ్ళకూ సైన్యంలో చేరేటప్పుడూ ఫోటోలు దిగారు. వేలాది నెగటివ్‌లు ఎల్ పాసోలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరాయి. చాలా ముఖాలు ఎవరివో తెలియదు. అందుకని స్థానిక పత్రికలో ఆ ఫోటోలు వేసి, ‘వీరు మీకు తెలుసా?’ అని అడిగారు. ‘మా అమ్మే’, ‘మా మేనత్త’ అని జనం జవాబిచ్చారు. జ్ఞాపకం గురించి నువ్వు రాసిన రెండు పేజీల సిద్ధాంతం కంటే ఈ ఒక్క సంగతి బలమైనది. అక్కడికి వెళ్ళు.

ఇక ఫోటోగ్రాఫర్ క్రిస్టీనా ఫెర్నాండెజ్. నీ వ్యాసంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే, అన్నిటికంటే చిన్నదీ ఇదే. 1995-96లో ఆమె చేసిన ‘మారియాస్ గ్రేట్ ఎక్స్‌పెడిషన్’లో ఆరు ఫోటోలు, ఒక పటం, కొంత కథనం ఉన్నాయి. తన ముత్తవ్వ మారియాగా ఫెర్నాండెజ్ తానే వేషం కట్టింది. 1910లో మెక్సికోలోని మొరేలియా వదలడం, 1919లో కొలరాడోలోని పోర్ట్‌లండ్, 1927లో మళ్ళీ మొరేలియాకు తిరుగు ప్రయాణం, 1930లో ఫీనిక్స్ శివార్లలో పంట చేరవేత, 1945లో లాస్ ఏంజెలెస్‌లోని బాయిల్ హైట్స్, 1950లో శాన్ డియేగో. ఏ ఏడాది ఫోటో ఆ ఏడాది తీసినట్టే ఉంటుంది.

1927 దగ్గర ఎందుకు ఆగలేదు అమ్మాయీ? ముత్తవ్వ వెనక్కి వెళ్ళింది. వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చింది. వలస గురించి మనం చెప్పుకునే కథల్లో తిరిగి వెళ్ళడమంటే ఓటమి లెక్క, కనుక దాన్ని దాటేస్తాం. ఫెర్నాండెజ్ దాటేయలేదు. పైగా ఆరు ఫోటోల్లో దానికీ మిగతావాటితో సమానమైన చోటిచ్చింది. పొలం పనులకు ఊరూరూ తిరిగే ఆడమనిషిని ఎవరు కెమెరా పట్టుకుని వెంబడిస్తారు? ఎవరూ తీయని ఆ బతుకును మునిమనవరాలు తన ఒంటి మీద వేసుకుని తీసింది. కుటుంబ జ్ఞాపకం అంటే భద్రంగా దాచుకున్నది మాత్రమే అనుకునేవాళ్ళకు ఈ పని చూపించాలి. లేనిదాన్ని నిజాయితీగా, ‘ఇది నేను చేసింది’ అని చెప్పి మరీ నిర్మించడం కూడా జ్ఞాపకమే. ఒక్కొక్క ఫోటో ముందు కూర్చుని ఆమె చేతులెక్కడున్నాయో, బట్టలేమిటో, వెనుక ఏముందో రాయి. వ్యాఖ్యానం తరువాత.

లారా అగిలార్ గురించి నువ్వు జంకుతూ రాశావు. తన ఫోటో తానే తీసుకున్న 1990 నాటి ‘త్రీ ఈగల్స్ ఫ్లయింగ్’లో ఆమె నడుముకు అమెరికా జెండా, తలను కప్పుతూ మెక్సికో జెండా, మెడకూ చేతులకూ తాడు. ఒళ్ళు దాచుకోలేదు కాబట్టి తెలుగు పాఠకులు ఏమనుకుంటారోనని నువ్వు ఆ వివరాలు మింగేశావు. మన పాఠకులను అంత తక్కువ అంచనా వేయకు. రెండు జెండాలూ ఆమెను కప్పుతున్నాయా, కట్టేస్తున్నాయా అని వాళ్ళు తేల్చుకుంటారు. గ్వాదలూప్ రోసాలెస్ అనే కళాకారిణి 2015 నుంచి దక్షిణ కాలిఫోర్నియా అమ్మాయిల పాత ఫోటోలను జనం నుంచే సేకరించి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం గురించి నువ్వు రాసింది బాగుంది, అలాగే ఉంచు.

చివరి పేజీ మాత్రం నాకు ఒప్పుదల కాలేదు. ‘వాళ్ళ బాధా మన బాధా ఒకటే’ అన్నావు. ఒకటి కాదు. చదువుకుని, వీసా తీసుకుని, విమానం ఎక్కి వెళ్ళిన మనకూ, ఉన్న చోటే ఉండగా దేశం మారిపోయినవాళ్ళకూ పోలిక తెస్తే మన బెంగ పెద్దదవుతుంది, వాళ్ళ చరిత్ర చిన్నదవుతుంది. భారతీయులతో నిజమైన సంబంధం కావాలంటే కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ వ్యాలీ ఉంది. 1910ల నుంచి అక్కడ పొలాలు చేసిన పంజాబీ మగవాళ్ళు కొన్ని వందలమంది మెక్సికన్ స్త్రీలను పెళ్ళాడారు. స్వదేశం నుంచి స్త్రీలను తెచ్చుకునే దారిని అప్పటి చట్టాలు మూసేశాయి. తెల్లజాతి స్త్రీలను పెళ్ళాడడానికి కాలిఫోర్నియా చట్టం ఒప్పుకోలేదు. వాళ్ళ పిల్లల పేర్లలో స్పానిష్ పేరు పక్కన సింగ్ అని ఉంటుంది. అది తెలుగువాళ్ళ కథ కాదు, కనుక మనదని చెప్పుకోవద్దు. కానీ ఆ కుటుంబాల పెళ్ళి ఫోటోల మీద ఇంకొక వ్యాసం రాయవచ్చు. ఇందులో ఇరికించకు.

ఇంకొక మాట. డాలస్‌లో నీకు పరిచయమైన ఆ కుటుంబం ఆల్బమ్ నుంచి మూడు ఫోటోలు జత చేశావు. వాళ్ళు నీకు చూపించడానికి ఒప్పుకున్నారు సరే, అచ్చు వేయడానికి ఒప్పుకున్నారా? ఇంట్లో ఈ దేశంలో ఉండడానికి ఎవరికి కాగితాలున్నాయో ఎవరికి లేవో నీకు తెలియదు, తెలుసుకోనక్కర్లేదు కూడా. వ్యాసంలో వాళ్ళ గురించి ఏం రాశావో ముందు వాళ్ళకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించు. ఒక్కరు తల అడ్డంగా ఊపినా ఆ ఫోటో తీసేయి. మ్యూజియం ఫోటోలకైతే హక్కులు ఎవరివో కనుక్కుని, రాతపూర్వకంగా అనుమతి వచ్చాకే పత్రికకు పంపు.

కొత్త ప్రతిలో మారియా భాగం ఇప్పటికి మూడింతలు ఉండాలి, చివరి పేజీ ఉండకూడదు. సంక్రాంతి లోపల నాకు చేరితే నాకు తెలిసిన సంపాదకులకు నేనే చూపిస్తాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి