తీర్పా, డిక్రీయా?

సందేహం: మా పొలం గట్టు దావా ముగిసింది. లాయరు గారు ‘డిక్రీ అయింది’ అన్నారు. ఒడియా గుమాస్తా ‘రాయ్’ అన్నాడు. మా తాతగారు ‘ఫైసలా’ అనేవారు. తెలుగు పేపర్లో ‘తీర్పు’ అంటారు. నాలుగూ ఒకటేనా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

సమాధానం: గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి, అదీ వాడుక మాట మీద ఉత్తరం! 1936లో ఊరు ఒడిశాలో కలిసినా తెలుగు సందేహాలు మాత్రం ఇటే వస్తున్నాయి, సంతోషం.

‘తీర్చు’ నుంచి తీర్పు వచ్చిందని మీకు తెలుసు. చూడాల్సింది దాని చుట్టాలను. అప్పు తీరుస్తాం, దాహం తీరుస్తాం, వాకిట్లో ముగ్గూ తీరుస్తాం. ఒకచోట ముగించడం, ఇంకోచోట పొందికగా అమర్చడం. నా మటుకు ఈ రెండూ ఉంటేనే తీర్పు. మీవైపు ‘తగువు తీర్చండి బాబూ’ అంటారే, ఆ తగువు కథ మరీ తమాషా. ‘తగు’ నుంచి పుట్టిన ‘తగవు’కి పాత కావ్యాల్లో న్యాయమని అర్థం. తిక్కన భారతం చదువుతూ తగవు అనగానే జగడం అనుకుంటే బోల్తా పడతారు. న్యాయం కోసం జనం ఎంత కొట్టుకున్నారో గాని, ఆ మాటకే జగడం అంటుకుంది! న్యాయం చెప్పేవాడు తగవరి, తీర్పు చెప్పేవాడు తీర్పరి. ఇద్దరినీ ఇంట్లోంచి పంపేసి ‘న్యాయనిర్ణేత’ను తెచ్చి పాటల పోటీల్లో కూర్చోబెట్టాం.

ఫైసలా అరబ్బీది, విడదీయడమని మూలార్థం. మీ జమీందారీ కాగితాల్లోని ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, దాని తోబుట్టువే. రాయ్ అంటే అభిప్రాయం. డిక్రీ లాటిన్ మాట, దాని వేరులో జల్లెడ పట్టడం ఉంది.

ఇక అసలు సంగతి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో తీర్పు వేరు, డిక్రీ వేరు. జడ్జి గారు ఎందుకలా తేల్చారో కారణాలు చెప్పేది తీర్పు. దాన్నిబట్టి ఎవరి హక్కు ఏమిటో లాంఛనంగా రాసేది డిక్రీ. క్రిమినల్ కేసుల్లో డిక్రీ ఉండదు. అరుగు మీద కబుర్లలో రెండూ ఒకటిగా అంటే నేను తప్పుపట్టను. అర్జీలో మాత్రం కలపకండి.

పేపర్లవాళ్లు ‘తీర్పును వెలువరించడం జరిగింది’ అంటున్నారు. దానంతటదే జరిగిందా, జడ్జి లేడా? ‘తీర్పు చెప్పారు’ అంటే ఏం పోయింది? ‘ఇచ్చారు’ అన్నా సరే, సర్దుకుంటాను.