సమాధానం: వర్జీనియా ఫ్లేక్‌తో నాలుక మంట

కొత్త డబ్బాలోని వర్జీనియా ఫ్లేక్ పొగాకును పైపులో నింపి తాగుతుంటే నాలుక మండుతోందనీ, పైపు గిన్నె అడుగున నీరు చేరి గురగురమంటోందనీ, లటాకియా అనే మరో పొగాకు కలిపితే తగ్గుతుందా అనీ మీరు అడిగారు. కలపడానికి ముందు ఆరబెట్టండి. నా అనుభవంలో ఈ బాధకు మూలం తేమే. ఆకులను ఒత్తి బిళ్లగా చేసి పలుచగా కోసినది కనుక ఫ్లేక్ లోపలి తడి త్వరగా పోదు. పైగా మన ప్రకాశం జిల్లా రైతులు బ్యారన్లలో (వేడితో ఆరబెట్టే కొట్టాల్లో) క్యూరింగ్ చేసే ఆకులాగే దీనిలోనూ చక్కెర మిగిలి ఉంటుంది. ఆ తడి ఆకులో నిప్పు ఆరిపోకుండా గట్టిగా పీల్చిన కొద్దీ వేడి ఆవిరి నేరుగా నాలుకను తాకుతుంది.

ఒకసారికి సరిపడా ముక్కలను వేళ్ల మధ్య నలిపి, పోగులు విడిపోయాక, తెల్లకాగితంపై పలుచగా పరచి అరగంట నుంచి గంట దాకా నీడలో ఉంచండి. చిటికెడు తీసుకుని నొక్కి వదిలితే అది ముద్దగా నిలవక మెల్లగా విచ్చుకోవాలి. పెళుసుగా విరిగితే ఎక్కువ ఆరినట్టు. అడుగున వదులుగా, పైన కాస్త బిగువుగా నింపి, మొదట పైపొరను మాత్రమే వెలిగించి, ఉబ్బిన ఆకును అదిమి, మళ్లీ వెలిగించి నిదానంగా పీల్చండి. మధ్యలో నిప్పు ఆరిపోతే ఆరిపోనివ్వండి. అప్పుడే ఎండుగడ్డిని తలపించే దాని అసలు తీపి తెలుస్తుంది.

లటాకియా పొగబెట్టి ఆరబెట్టిన ఆకు. దాని గాఢత ఈ సున్నితత్వాన్ని కప్పేస్తుంది. ఏదైనా కలపాలనే అనిపిస్తే, అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని సెయింట్ జేమ్స్ పారిష్‌లో (జిల్లా లాంటిది) పీపాల్లో అదిమి పులియబెట్టే పెరిక్ అనే పొగాకును 20 పాళ్ల ఫ్లేక్‌కు ఒక పాలు చేర్చి, మూత బిగించి రెండు వారాల తర్వాత రుచి చూడండి.