మీ ప్రశ్న – మా జవాబు: ఆటల సర్వర్‌కు ముద్దయిన పేరు

ప్రశ్న: మాది బరంపురం. నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పర్లాకిమిడిలో ఉన్న మా పిన్ని కూతురు, గుణుపురం మావయ్యగారి అబ్బాయిలు ఇద్దరు, నాతో చదువుకునే ఒడియా స్నేహితులు ముగ్గురు, నేను, మొత్తం ఏడుగురం రాత్రి భోజనాలయ్యాక మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్ ఆడుకుంటాము. మావి కొట్టుకునే ఆటలు కావు. ఇళ్లు కట్టుకుంటాము, తోటలు వేసుకుంటాము, మా చెల్లి అయితే ఇసుకలో తాబేళ్లను పెంచుతుంది. ఇప్పుడు అందరం ఆన్‌లైన్‌లో కలిసి ఆడుకోవడానికి మాకంటూ ఒక సర్వర్, మాట్లాడుకోవడానికి డిస్కార్డ్ అనే కబుర్ల యాప్‌లో ఒక చోటు ఏర్పాటు చేసుకున్నాము. ఇంటికి వచ్చినట్టుండే ముద్దయిన పేరు పెట్టాలని ఉంది. ‘కోజీ కార్నర్’, ‘డ్రీమ్ హెవెన్’, ‘వెచ్చని గూడు’ అనుకున్నాము. మావయ్యగారి చిన్నబ్బాయి తమ వీధి పేరు పెట్టమంటున్నాడు. ఒడియా స్నేహితులు ‘పిండా’ అన్నారు, వారి భాషలో దానికి అరుగు అని అర్థమట. ఆ మాట విని మా అమ్మ ససేమిరా అంది. పేరు ఎలా ఎంచుకోవాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: మీ ఉత్తరంలో ‘రాత్రి భోజనాలయ్యాక’ అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాను. కంచాలు ఎత్తేసి, వంటిల్లు సర్దుకుని, పగలంతా ఎవరి ఊళ్లో వారు ఎవరి పనిలో వారు ఉన్న ఏడుగురు ఒక్కచోట చేరే వేళ అది. కోజీ అన్న ఇంగ్లీషు మాటకు తెలుగులో సరిసమానమైన ఒక్క మాట దొరకదు కాని, అటువంటి వేళకు మన ఇళ్లలో పుట్టిన మాటలు బోలెడున్నాయి. అరుగు, వసారా, నులకమంచం, బొంత, చలిమంట, గూడు, ఇవన్నీ చోట్ల పేర్లు, వస్తువుల పేర్లు. వినగానే ఆ వెచ్చదనం ఒంటికి తగులుతుంది. అందుకే ‘వెచ్చని గూడు’లో ‘వెచ్చని’ అన్నది నాకు అదనంగా తోచింది, గూడు అన్నాక అది వేరే చెప్పనక్కరలేదు. ‘కోజీ కార్నర్’, ‘డ్రీమ్ హెవెన్’ పేర్లను ఏ ఊరివారైనా పెట్టుకోవచ్చు, వాటిలో మీ ఏడుగురి ఆనవాలు ఏదీ లేదు.

‘పిండా’ విషయంలో మీ అమ్మగారిని తప్పుపట్టలేము, మీ స్నేహితులనూ తప్పుపట్టలేము. ఒడియావారి ఇంటి ముందు పిండా మీద సాయంత్రాలు కూర్చుని పెరిగినవారికి అంతకంటే హాయైన మాట ఉండదు. మనకేమో ఆ శబ్దం చెవిన పడగానే పితృకార్యం గుర్తుకు వస్తుంది. రోజూ పలికే పేరు ఎవరి ఇంట్లోనైనా పెద్దల మనసు చివుక్కుమనిపించేదైతే మానుకోవడమే మంచిది, లేకపోతే వారి పిల్లలు తలుపు వేసుకుని ఆ పేరు పలకవలసి వస్తుంది.

పేరును పరీక్షించడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. దాన్ని కాగితం మీద చూడకుండా, ఫోనులో మీ చెల్లిని పిలుస్తున్నట్టు వాక్యంలో పెట్టి పైకి అనండి. తెలుగులో పేరు పక్కన ‘కి’, ‘లో’, ‘మీద’ చేరకుండా రోజు గడవదు. ‘డ్రీమ్ హెవెన్‌కి వస్తున్నావా’ అంటే నాలుక తట్టుకుంటుంది, ‘అరుగు మీదకి వస్తావా’ అంటే పిలుపులా వినిపిస్తుంది. ఆ తరువాత అదే పేరు మీ ఒడియా స్నేహితుల చేత పలికించండి. ఒడియావారు కూడా మనలాగే మాట చివరి అచ్చును మింగేయకుండా పలుకుతారు కనుక, అచ్చుతో ముగిసే తెలుగు మాటలు వారి నోట చక్కగా నిలుస్తాయి.

ఇవన్నీ చూసుకున్నాక నా మనసు ‘బస’ అన్న చిన్న మాట దగ్గరకు వెళ్లింది. ప్రయాణంలో ఉన్నవారిని మన పెద్దలు ‘రాత్రికి బస ఎక్కడ?’ అని అడుగుతారు, చీకటి పడ్డాక నడుము వాల్చే చోటు అది. ఒడియాలో ‘బసా’ అంటే ఉండే చోటు అనే కాక, పక్షిగూడు అని కూడా అర్థం. మీరు కోరుకున్న గూడు అందులోనే ఉంది! వారు దానిని ‘బొసా’ అన్నట్టు పలుకుతారు, పలకనివ్వండి. మీ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడివడి 1936 ఏప్రిల్ 1న ఏర్పడిన ఒడిశాలో చేరింది. మనం బరంపురం అనే ఊరిని వారు బ్రహ్మపుర అంటారు, ఒకే వీధిలో రెండు పేర్లూ వినిపిస్తూనే ఉంటాయి. మీ సర్వర్ పేరు కూడా అలాగే రెండు రకాలుగా పలకవచ్చు. మరికాస్త ముద్దు కావాలనుకుంటే ‘చిట్టి బస’ అనండి.

తాబేళ్లు పెంచే మీ చెల్లిని కూడా నేను మరచిపోలేదు. మైన్‌క్రాఫ్ట్‌లోకి 2018లో వచ్చిన తాబేళ్లు తాము పుట్టిన ఒడ్డును గుర్తుపెట్టుకుని, గుడ్లు పెట్టడానికి అక్కడికే తిరిగి వెళతాయి. మీ గంజాం జిల్లాలోనే ఋషికుల్య సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలాదిగా ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుంతలు తీసి గుడ్లు పెడతాయి. ఇంతకంటే మీ ఊరి పక్కదైన పేరు దొరకదు కనుక, ‘బస’ నచ్చకపోతే ‘తాబేళ్ల ఒడ్డు’ అని పెట్టుకోండి.

వీధి పేరు మాత్రం వద్దు. పిల్లలు ఆడే చోట ఇల్లు, వీధి, బడి తెలిసేలా ఏదీ ఉండకూడదు. గుణుపురం అబ్బాయిలకు 13 ఏళ్లు నిండకపోతే డిస్కార్డ్ నియమాల ప్రకారం వారు అందులో చేరకూడదు, ఇది పెద్దలు చూసుకోవలసిన విషయం.

డిస్కార్డ్‌లో పేరుకు 2 నుంచి 100 అక్షరాల వరకు చోటున్నా, ఫోనులో పొడవైన పేరు సగంలో తెగిపోతుంది. పైగా ఎడమవైపు వరుసలో బొమ్మ ఒక్కటే కనబడుతుంది కాబట్టి, రెండు గుడ్లున్న గూటి బొమ్మ ఒకటి మీలో చేయి తిరిగినవారి చేత గీయించి పెట్టండి. కంప్యూటర్లలో ఆడే మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ అనే రకంలో మరో సంగతి ఉంది: జాబితాలో సర్వర్ పేరును ఎవరి కంప్యూటర్‌లో వారే రాసుకుంటారు, అందరికీ ఒకేలా కనిపించేది దాని కింద ఉండే రెండు వరుసల పలకరింపు మాత్రమే. మీరు మార్చకపోతే అక్కడ ‘ఎ మైన్‌క్రాఫ్ట్ సర్వర్’ అని ఉండిపోతుంది. గేముల్లో తెలుగు ఒత్తులు ఒక్కోసారి విడిపోతాయి కనుక ఆ వరుసలను ఇంగ్లీషు అక్షరాలలో రాసుకోండి. మొదటి వరుసలో ‘చిట్టి బస’ అని, రెండో వరుసలో ‘కాళ్లు కడుక్కుని లోపలికి రండి’ అని పెడితే నాకు చాలా సంతోషం.