చుక్క అంచు షార్ప్‌గా వస్తోంది, అందులో పువ్వు మాత్రం మసకగా ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: గడ్డిపోచకి నీటి చుక్క వేలాడదీసి, వెనకాల పువ్వు పెట్టి ఫొటో తీస్తున్నారు. చుక్క అంచు చక్కగా వస్తోంది, లోపలి పువ్వు మసకబారుతోంది. దీనికి మాక్రో లెన్స్ (చిన్న వస్తువుల్ని బాగా దగ్గర నుంచి తీసేది) కొనాల్సిందేనా?

అక్కర్లేదండి. ఇబ్బంది లెన్స్‌లో లేదు, ఫోకస్ పెట్టే చోటులో ఉంది. నేనూ నెల రోజులు చుక్క మీదే ఫోకస్ పెట్టి తీశాను, ఒక్కటీ కుదరలేదు.

పువ్వు చుక్కలో కనిపిస్తుంది కాబట్టి బొమ్మ కూడా అక్కడే ఉందనుకుంటాం. అక్కడ లేదు. ఆ చుక్క ఒక బుల్లి గుండ్రటి కటకం. వెనకున్న పువ్వు వెలుగు దానిలోంచి వంగి ఇవతలికి వచ్చి, చుక్కకి ముందు, గాలిలో, తలకిందులుగా బొమ్మ కడుతుంది. నీటి వక్రీభవన గుణకం (వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) 1.33. ఆ లెక్కన గుండ్రటి చుక్కకి నాభ్యంతరం (చుక్క మధ్య నుంచి, దూరపు వస్తువు బొమ్మ కట్టే చోటు దాకా ఉన్న దూరం) దాదాపు దాని వెడల్పంత. అంటే 3 మిల్లీమీటర్ల చుక్క అయితే, పువ్వు బొమ్మ చుక్క మధ్య నుంచి సుమారు 3 మిల్లీమీటర్లు కెమెరా వైపు జరిగి ఉంటుంది. అంత దగ్గర నుంచి తీసేటప్పుడు అపర్చర్‌ని (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/8 దాకా చిన్నది చేసినా స్పష్టంగా వచ్చే మందం ఒకటి రెండు మిల్లీమీటర్లకి మించదు. ఇక అంచు, పువ్వు రెండూ ఒకే ఫొటోలో ఎలా వస్తాయి?

ఈ సంగతి నాకు పుస్తకంలో కాదు, కడియం దగ్గర మా దాళ్వా (రబీ వరి) నారుమడి గట్టు మీద తెలిసింది. డిసెంబరు, ఇంకా ఎండ రాలేదు. నారు కొస కొసకీ ఒక్కో చుక్క. (వాటిని మంచు అనుకుంటాం గానీ, చాలావరకు రాత్రిపూట మొక్క తనలోని నీటిని ఆకు కొస నుంచి బయటికి నెట్టిన చుక్కలు.) గోనెసంచి పరుచుకుని బోర్లా పడుకుని ఒక చుక్క అంచుకి ఫోకస్ పెట్టాను. లోపల ఏదో పచ్చటి మసక. ఇంతలో చిన్న గాలి వచ్చి నారు అవతలికి ఒరిగింది. ఆ ఒక్క క్షణం చుక్కలో గట్టు మీది కొబ్బరిచెట్టు తలకిందులుగా, మట్టమట్టా విడివిడిగా కనిపించింది. నారు నిలబడగానే మళ్లీ మసక. చుక్క దూరం జరిగితే బొమ్మ స్పష్టమైందంటే, కెమెరాని నేను వెనక్కి జరపాలన్నమాట. ఆ రోజు నుంచి అదే పద్ధతి.

ఆటోఫోకస్ ఆపేయండి. ముందు చుక్క అంచుకి చేత్తో ఫోకస్ పెట్టుకోండి. తర్వాత లెన్స్ మీది ఫోకస్ రింగు ముట్టుకోకుండా, కెమెరాని చుక్క వెడల్పంత వెనక్కి, మెల్లగా జరపండి. స్క్రీన్ మీద జూమ్ చేసి చూస్తూ ఉంటే రేకులు తేరుకోవడం తెలుస్తుంది. అంచు కూడా కావాలంటే రెండు చోట్లా రెండు ఫొటోలు తీసి తర్వాత కలుపుకోవచ్చు. నాకైతే అంచు కాస్త మెత్తగా ఉన్నదే బాగుంటుంది.

లెన్స్ సంగతి. నేను వాడేది మామూలు 50 ఎంఎం, దాని వెనక 36 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య బిగించే బోలు గొట్టం). సెన్సర్ మీద బొమ్మ అసలు వస్తువు సైజులో 0.7 వంతు పైనే వస్తుంది, ఈ పనికి చాలు. కొనేటప్పుడు లోపల ఎలక్ట్రికల్ కాంటాక్టులు ఉన్నదే తీసుకోండి. చవకగా వస్తోందని మొదట అవి లేనిది కొన్నాను, లెన్స్ అపర్చర్ పూర్తిగా తెరిచే ఉండిపోయేది. మళ్లీ కొనాల్సి వచ్చింది.

ఇంట్లో తీసేటప్పుడు ఉత్త నీళ్లకి బదులు మందుల షాపులో దొరికే గ్లిజరిన్ సగం, నీళ్లు సగం కలపండి. చుక్క తొందరగా ఆరిపోదు. ఇన్సులిన్ సిరంజితో వేస్తే సైజు మన చేతిలో ఉంటుంది. 3 మిల్లీమీటర్లు దాటితే చుక్క కిందికి సాగి, పువ్వు కూడా సాగినట్టు వస్తుంది. ఫ్యాన్ ఆపాలి, ట్రైపాడ్, 2 సెకన్ల టైమర్ తప్పనిసరి. వెలుగు పువ్వు మీద పడాలి. చుక్క మీద పడితే తెల్లటి మచ్చ వచ్చి బొమ్మని మింగేస్తుంది.

మొదటిసారి జెర్బెరాతో మొదలుపెట్టండి, పెళ్లి డెకరేషన్ వాళ్లని అడిగితే మిగిలినవి ఇస్తారు. అరచేయంత పువ్వుని చుక్కకి 10 సెంటీమీటర్ల వెనక పెడితే నిండుగా కనిపిస్తుంది. చేమంతి చిన్నది కాబట్టి ఇంకా దగ్గరికి తేవాలి. తామరాకు, చేమాకు మీది చుక్కలు ఎంత అందంగా ఉన్నా ఈ ఫొటోకి పనికిరావు. వెనకాల ఆకే అడ్డం. పైగా చుక్కకీ ఆకుకీ మధ్య చిక్కుకున్న గాలి పొర వల్ల అడుగంతా వెండిలా మెరుస్తుంది. గరిక పోచ, సన్నటి తీగ, దారం, ఏదైనా సరే చుక్క వేలాడాలి.

జెర్బెరా, చేమంతి ఎటు తిప్పినా ఒకలాగే ఉంటాయి కాబట్టి తలకిందులైనా తేడా తెలియదు. శంఖుపువ్వుకి తెలుస్తుంది. దాన్ని మాత్రం కాడ పైకి ఉండేలా క్లిప్పుతో వేలాడదీస్తాను. మా అమ్మ పక్కనుంచి టార్చ్ పట్టుకుంటుంది. అప్పుడు చుక్కలో నీలం రేకు, మధ్యలో పసుపు తెలుపు మచ్చ, నిటారుగా నిలబడి కనిపిస్తాయి.