ఆ పిటిషన్ పంపే ముందు ఓసారి ఇది చదువు, అల్లుడూ

అల్లుడూ,

మునిగిన ఓడ దగ్గరికి డైవింగ్ చేసి చూడటానికి నీకు అనుమతి ఇవ్వలేదని నువ్వు రాసి పంపిన పిటిషన్ రెండుసార్లు చదివాను. ఆవేశం బాగానే ఉంది గానీ, అలాగే పంపకు. మొదటి వాక్యమే "సముద్రం ఎవరి సొత్తూ కాదు" అని మొదలెట్టావు. సముద్రం సంగతి ఎలా ఉన్నా, అందులో మునిగిన ఓడకు మాత్రం చాలాసార్లు యజమాని ఉంటాడు. బీమా సొమ్ము కట్టిన కంపెనీ కావచ్చు, యుద్ధనౌకైతే దాన్ని నడిపిన దేశం కావచ్చు. నా కుర్రతనంలో నేనూ ఇదే మాటతో ఒక ఆఫీసుకు ఉత్తరం రాశాను. జవాబు కూడా రాలేదు.

ముందు ఆ అధికారులు "వద్దు" అన్నది ఎందుకో కనుక్కో. అన్ని "వద్దు"లూ ఒకటి కావు. బ్రిటన్‌లో 1986 నాటి సైనిక అవశేషాల రక్షణ చట్టం కింద కొన్ని ఓడల దగ్గరికి దిగొచ్చు, చూడొచ్చు, చెయ్యి మాత్రం వేయకూడదు. ఇంకొన్ని చోట్ల లైసెన్స్ లేకుండా దిగడానికే వీల్లేదు. స్కాట్లండ్‌లోని స్కాపా ఫ్లో అనే అఖాతంలో 1919లో జర్మన్లు తమ చేతులతో తామే ముంచుకున్న యుద్ధనౌకల కోసం ఇవాళ్టికీ డైవర్లు క్యూ కడతారు. అదే నీళ్లలో 1939లో ఎనిమిది వందల మందికి పైగా నావికులను తీసుకుని మునిగిన రాయల్ ఓక్ అనే బ్రిటిష్ యుద్ధనౌక ఉంది. సరదాకి వచ్చినవాళ్లని దాని చాయలకు కూడా రానివ్వరు. అది సమాధి. బాల్టిక్ సముద్రంలో 1994లో 852 మంది ప్రాణాలు తీసుకుని మునిగిన ఎస్టోనియా అనే ప్రయాణికుల ఓడ కూడా అంతే. దాని జోలికి పోవద్దని ఆ చుట్టుపక్కల దేశాలు మరుసటేడే ఒప్పందం రాసుకున్నాయి. అలాంటి చోట "డైవర్ల హక్కు" అని అరిస్తే మనవాళ్లే మొహం తిప్పుకుంటారు. నీ ఓడ అలాంటిదైతే పిటిషన్ చించేయ్.

కాదంటున్నావు కాబట్టి, గెలిచినవాళ్లు ఏమడిగి గెలిచారో చూడు. అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసిన మానిటర్ అనే ఇనుప నౌక 1862 ఆఖరి రోజున మునిగింది. లోతు దాదాపు 70 మీటర్లు. 1975లో ఆ చోటును రక్షిత ప్రాంతం చేసేశారు. గ్యారీ జెంటైల్ అనే డైవరు దిగుతానంటే, అంత లోతుకు స్కూబాతో ప్రమాదం అన్నారు అధికారులు. అతను ఏళ్ల తరబడి అప్లికేషన్ల మీద అప్లికేషన్లు పెట్టి, లాయర్లతో తిరిగి, చివరికి అనుమతి సాధించాడు. టైటానిక్ విషయం ఇంకా స్పష్టం. వస్తువులు వెలికితీసే హక్కు 1994లో ఒక కంపెనీకి దక్కింది. ఇంకెవరూ వచ్చి చూడకూడదు, ఫొటోలు తీయకూడదు అని కూడా ఆ కంపెనీ పట్టుబట్టింది. 1999లో అమెరికా అప్పీలు కోర్టు కుదరదంది. వెలికితీసే హక్కు ఉన్నంత మాత్రాన చూసేవాళ్ల కళ్లు మూయలేరని తేల్చింది. తెచ్చుకుంటాననకుండా, చూస్తాను అని మాత్రమే అడుగు. ఆ తేడా మీదే నీ కేసు నిలబడుతుంది.

సొంత ఓడైనా సరే లైసెన్స్ తప్పదని కూడా గుర్తుపెట్టుకో. ఐర్లండ్ తీరం దగ్గర మునిగిన లూసిటానియా అనే ప్రయాణికుల ఓడను కొనుక్కున్న గ్రెగ్ బెమిస్, తన ఓడ దగ్గరికి తను దిగడానికి ఐర్లండ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2007లో గెలిచాడనుకో.

నూరేళ్లకు పైగా నీళ్లలో ఉన్నదైతే నీటి అడుగు వారసత్వం మీద యునెస్కో చేసిన 2001 ఒప్పందాన్ని చదువు. వస్తువుల్ని ఉన్నచోటే కాపాడటం మొదటి మార్గం అంటుంది. అక్కడే, పాడుచేయకుండా చూసేవాళ్లను ప్రోత్సహించాలని కూడా ఉంటుంది. ఆఫీసువాళ్లు మొదటి ముక్క చూపిస్తారు, నువ్వు రెండోది చూపించు. ఆ దేశం సంతకం చేసిందో లేదో ముందే చూసుకో, పరువు పోతుంది.

ఇక నువ్వేమిస్తావో రాయి. నీ ముసాయిదాలో అది ఒక్క లైను కూడా లేదు. ఎర్ర సముద్రంలో మునిగి ఉన్న థిసిల్‌గోర్మ్ అనే ఓడకు డైవ్ బోట్లు నేరుగా తాళ్లు కట్టి లాగి లాగి ఎంత పాడుచేశాయో లోకమంతా చూసింది. కాబట్టి ఓడకు బదులు బోటును కట్టుకునేలా నీటిపై తేలే బోయా పెట్టే ఖర్చులో వాటా భరిస్తామని రాయి. రోజుకు ఇంతమందే, మొదటి ఏడాది ఓడ లోపలికి వెళ్లం, తీసిన ఫొటోలన్నీ పురావస్తువాళ్లకు ఇస్తాం అని రాయి. ఇదివరకు చేసిన డైవ్‌ల రికార్డులూ, ఎంత లోతుకు ఏ గ్యాస్ ఎంత పీలుస్తారో చెప్పే గ్యాస్ ప్లానూ జత చెయ్. భద్రత పేరు చెప్పి తోసిపుచ్చే వీలు వాళ్లకు ఇవ్వకు.

ఒక సిగ్గుమాలిన సంగతి చెప్తాను. ఒక విచారణలో, అంతా సవ్యంగా సాగుతుండగా, ఎదురుగా కూర్చున్న ఆవిడ "ఎప్పుడైనా ఏదైనా పైకి తెచ్చారా?" అని మామూలుగా అడిగింది. నా నోరు ఎండిపోయింది. అంతకు పదేళ్ల ముందు ఒక ఇనుప కప్పీ తెచ్చి అలమరలో పెట్టుకున్నాను. ఉప్పు తీయకుండా ఆరబెట్టేసరికి అది పొరలు పొరలుగా ఊడి, చివరికి డబ్బాలో ఎర్రటి పొడి మిగిలింది. ఓడలో ఉంటే ఇంకా ఉండేదేమో. నిజం చెప్పాను. ఆ రోజు మాకు అనుమతి రాలేదు.

బ్రిటన్‌లోనైతే మునిగిన ఓడ నుంచి ఏది తీసినా 28 రోజుల్లో రిపోర్ట్ చేయాలి. నువ్వు దిగే చోట రూలేంటో కనుక్కో. మళ్లీ రాసిన పిటిషన్‌తో పాటు, నీ గదిలో గోడకు తగిలించిన ఆ ఇత్తడి కిటికీ చట్రం ఏ ఓడదో, ఎప్పుడు తెచ్చావో ఒక కాగితం మీద రాసి నాకు పంపు. ఆవిడలాంటి వాళ్లు అడిగేదాకా ఆగకు.

మీ మావయ్య