ఒట్టు వేసింది మీరే కదమ్మా

అల్లూరు వైపు నుంచి ఒక తల్లి రాశారు. భర్తకు రొయ్యల గుంటలు. ఒక్కడే కొడుకు, 16 ఏళ్లు, కావలిలో ఇంటర్ మొదటి సంవత్సరం. ఏడాదిగా ఎవరితోనూ కలవడం లేదట. స్నేహితుడు పుట్టినరోజుకు పిలిస్తే "ఏదో పనుండి పిలిచుంటాడు" అంటాడట. లెక్చరర్ మెచ్చుకున్నా నమ్మడట. "స్నేహితులే వీణ్ని ఇట్లా చేశారు. నెల్లూరులో హాస్టల్లో వేస్తే మారతాడా?" అన్నది ఆమె ప్రశ్న.

మారడమ్మా. హాస్టల్ మాట పక్కన పెట్టండి.

మీ ఉత్తరం మూడు పేజీలు. రెండున్నర పేజీలు స్నేహితుల మీదే. మధ్యలో నాలుగు ముక్కలు రాసి దాటేశారు: పదో తరగతిలో సిగరెట్ తాగానని వాడే వచ్చి చెప్పాడు, నాన్నకు చెప్పనని వాడి తల మీద ఒట్టు వేశారు, దాచడం తప్పనిపించి ఆ రాత్రే చెప్పేశారు, మర్నాడు మీ ఆయన గుంట దగ్గర పనివాళ్లందరి ముందు వాణ్ని కొట్టారు. అక్కడ నా మనసు చివుక్కుమంది.

ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ అడగలేదు. తనంతట తానే వచ్చి అమ్మకు చెప్పుకున్నాడు. తన తల మీద వేసిన ఒట్టు తెల్లవారేదాకా కూడా నిలవలేదని తర్వాత తెలుసుకున్నాడు. అలాంటివాడు లెక్చరర్ మెచ్చుకోలును ఎందుకు నమ్మాలి? స్నేహితుడి పిలుపును ఎందుకు నమ్మాలి?

భర్త దగ్గర దాచలేకపోయిన మీ ఇబ్బంది నాకు తెలుసు. దాచమని నేనూ అనను. కానీ అప్పుడు ఒట్టు వేయకూడదు. "ఇది నాన్నకు చెప్పక తప్పదు నాయనా, నీ పక్కన నేనుంటా" అని ఉంటే వాడు ఏడ్చేవాడు, రెండు రోజులు అన్నం మానేసేవాడు, మూడో రోజు మళ్లీ మీ దగ్గరికే వచ్చేవాడు. పెద్దవాళ్లకిచ్చిన మాట కోసం పొలం అమ్ముకునేవాళ్లం కూడా పిల్లలకిచ్చిన మాటను బుజ్జగింపు కింద కొట్టేస్తాం. ఇది నేను ఒప్పుకోను. పిల్లవాడికిచ్చిన మాటా బాకీయే.

మీ ఆయన్ని భాగస్వామి ముంచాడనీ, అప్పట్నుంచి అన్నాల దగ్గర "ఎవర్నీ నమ్మొద్దు" అన్న మాటేననీ రాశారు. దాని ప్రభావమూ ఉంటుంది. అయినా ఇంట్లో ఒక్క మనిషి మాట నిలబడితే, పిల్లలకు బయటివాళ్లను బేరీజు వేసుకోవడం వస్తుంది.

ఇప్పుడేమో రొయ్యలు మేత తిన్నాయో లేదోనని గుంటలో చెక్ ట్రే ఎత్తి చూసినట్టు రోజూ వాడి బ్యాగూ ఫోనూ చూస్తున్నారు. స్వీడన్‌లో స్టాటిన్, కెర్ అనే ఇద్దరు పరిశోధకులు 14 ఏళ్ల పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ అడిగి, 2000లో ఒక సంగతి రాశారు. పిల్లల విషయాలు పెద్దలకు తెలిసేది కాపలా వల్ల కంటే పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లే ఎక్కువట. మీకు అలా చెప్పే కొడుకే ఉండేవాడు. ఆ వెతుకులాట ఇవాళే మానేయండి.

మీ ఆయన తెల్లవారుజామున మేత వేయడానికి వెళ్లాక వాడి దగ్గర కూర్చోండి. "ఒట్టు వేసి తప్పాను, తప్పు నాదే" అనండి. దానికి "నీ మంచికే చేశా" అని తోక తగిలించకండి. తల్లి కొడుకును క్షమించమని అడగడమేంటని అత్తగారు అంటే అననీయండి. వాడు "సరేలే" అని మొహం తిప్పుకోవచ్చు. వారాలు పడుతుంది. పనివాళ్ల ముందు కొట్టడం తప్పని మీ ఆయనకూ చెప్పండి. ఆ మాట చెప్పడానికి భయపడకండి.

నిద్ర, తిండి బాగా తగ్గినా, బతకడం వృథా అన్నట్టు మాట్లాడినా మాత్రం ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఏదో ఒక రోజు వాడు చిన్న సంగతి చెప్తాడు. కెమిస్ట్రీ అర్థం కావట్లేదనో, బస్సులో ఎవరో ఏదో అన్నారనో. మిమ్మల్ని పరీక్షించడానికే చెప్తాడు. ఆ రాత్రి మీ ఆయన "ఏమంటున్నాడు?" అని అడిగితే, "వాణ్నే అడగండి" అనండి.